ఖాళీ పోస్టుకార్డు

హానోవర్,
28 సెప్టెంబరు 2025

గిరిజ వదినగారికి శారదాదేవి నమస్కారాలు.

ముందు అన్నయ్యగారి షుగరు ఎలా ఉందో రాయండి. పోయిన ఉత్తరంలో పరగడుపున నూట ఎనభై అన్నారు. అప్పటినుంచి నేను అన్నం కలుపుకునేటప్పుడల్లా అన్నయ్యగారే గుర్తొస్తున్నారు. మీ నడుం నొప్పి తగ్గిందా? ఫ్రైబర్గులో అప్పుడే చలి దిగిందని మా ధీరజ్ చెప్పాడు. నడుముకి ఉన్నిగుడ్డ చుట్టుకుంటున్నారో లేదో. మీ అబ్బాయి విక్రాంత్‌కి ఆ పొడిదగ్గు పోయిందా? యూనివర్సిటీలో రాళ్ళు పొడిచేసే గదిలోకి మూతికి గుడ్డ లేకుండా వెళ్తున్నాడేమో కనుక్కోండి. ఇక్కడ ధీరజ్ బాగానే ఉన్నాడు, మెడ పట్టేసింది అంతే. కోడలు ఉదయశ్రీకి మూడు రోజులుగా జలుబు. నా చెవి ఇంకాస్త మందగించింది. ఫోనులో ఎవరేమన్నా గాలి కొట్టినట్టే ఉంటుంది. అందుకే మీరు ఎప్పటిలా ఉత్తరాలే రాయండి.

అందర్నీ అడిగి మనోజ్ఞని ఆఖరున పెట్టానంటే అడగడానికి భయమేసి. నా పెద్దకొడుకు కూతురు, మీ కూతురి కూతురు, మనిద్దరికీ ఉన్నది అదొక్కతే. క్లబ్బు ఆటలో బంతి కోసం ఎగిరి దిగేటప్పుడు మోకాలు మెలిపడిందని మీ అమ్మాయి భావన ఫోను చేసింది. నాకు సగమే వినపడింది. లోపల తాడులాంటిది తెగిందిట, కోసి కుట్టాలిట, నవంబరు పన్నెండుకి ఆసుపత్రిలో టెర్మిన్, అదే తారీఖు, దొరికిందిట. పదిహేనేళ్ళ పిల్ల వదినగారూ. మళ్ళీ ఆడలేకపోతే ఎలా? కుంటితే ఎలా? మత్తుమందు ఎక్కువై లేవకపోతే? ఇలా రాయకూడదు, కానీ రాసేశాను. కొట్టేస్తే అక్కడ ఏముందోనని మీకు ఇంకా భయమేస్తుందని కొట్టెయ్యలేదు.

మీరు నవ్వుతారుగానీ నా రెండో దిగులు మార్లన్ గురించి. మొన్న పక్కింటి జర్మనావిడ వచ్చి, దేవుడి అరలో ఆ నల్లబ్బాయి ఫొటో ఎవరిదని అడిగింది. ఉదయశ్రీ చేత చెప్పించాను. వాడు నాకు ఏమీ కాడమ్మా, అమెరికాలో ఏదో కాలేజీలో బాస్కెట్‌బాల్ ఆడే పిల్లాడు, పేరు మార్లన్ ట్వీడీ. మా మనవరాలు రెండేళ్ళ కిందట ఇంటిల్లిపాదికీ ఒక ఉత్తుత్తి ఆట పెట్టింది. ఎనిమిది జట్లు. ఆ కాలేజీ పిల్లల పేర్లు మేం పంచుకుంటాం. అక్కడ వాళ్ళు నిజంగా బుట్టలో బంతి వేస్తే ఇక్కడ మాకు మార్కులు పడతాయి. ఏడాది తిరిగాక ఒక్క ఆటగాణ్ణి మటుకు మన దగ్గర ఉంచుకోవచ్చు, మిగతావాళ్ళని మళ్ళీ అందరి ముందూ వదిలెయ్యాలి. ఇదంతా విని ఆవిడ నా చెయ్యి నొక్కి వెళ్ళిపోయింది. పిచ్చిదనుకుందేమో.

మార్లన్‌ని ఏరింది మనోజ్ఞే. మొదటి ఏడు వాణ్ణెవరూ ఎరగరు. నాకు ఒక్క పేరూ తెలియకపోతే, నాయనమ్మా వీణ్ణి తీసుకో, వీడు మనవాడు అంది. ఇప్పుడు వాడు అందరికన్నా పెద్ద ఆటగాడు. వాడి ఆటలు చూడటానికి రెండు ఈస్టర్ సెలవులూ అది ఎష్‌బోర్న్ నుంచి ఇక్కడికే వచ్చింది. అక్కడ రాత్రి ఆడితే పొద్దున్నే నా పక్కన కూర్చుని, నాకు వినపడేలా చెవిలో అరిచి చెప్పేది. వాడు నా జట్టులో లేకపోతే ఈ చెవిటిదాని దగ్గరికి అదెందుకు వస్తుంది? వాణ్ణి ఉంచుకుంటున్నానని అక్టోబరు ముప్పైఒకటిలోగా వాడి పేరు రాసి దానికి కార్డు పంపాలి. నాకు ఫోనులో నొక్కడం రాదని మనోజ్ఞ నాకొక్కదానికే ఆ వీలిచ్చింది. ధీరజ్ ఇంగ్లీషులో రాసిచ్చిన కాగితం చూసి ముగ్గు దించినట్టు దించుతాను. రోజుకోసారి కార్డు తీసి చూసుకుంటున్నా.

మీ జట్టు నిరుడు అట్టడుగున పడిందని మనసులో పెట్టుకోకండి. అడుగునున్నవాళ్ళకే ఈసారి మొదట ఎంచుకునే వంతు కదా, మంచివాడు దొరుకుతాడు.

మీ
శారదాదేవి

*

ఫ్రైబర్గ్,
9 అక్టోబరు 2025

శారదాదేవి వదినగారికి,

మీరడిగిన వరుసలోనే జవాబులు. మావారి షుగరు నూట నలభై. నా నడుము నా వయసుకు తగినట్టుంది. విక్రాంత్ దగ్గు పోయి నెలయింది. ముప్పైరెండేళ్ళు తెలుగు పంతులమ్మగా చేసినదాన్ని కనుక మీ ఉత్తరం చదువుతూ చేతికి ఎర్రసిరా కలం అందుకోబోయాను. మళ్ళీ మానేశాను. మీరు అయిదో తరగతిలో ఆపేశారన్న సంగతి అప్పుడప్పుడు మరిచిపోతుంటాను.

మనోజ్ఞ సంగతి మీకు సగమే వినపడిందన్నారు. మిగతా సగం నేను చెప్పాలా వద్దా అని ఆలోచించాను. దాచడం నా స్వభావం కాదు. ఇలాంటి ఆపరేషన్లు అయినవాళ్ళలో కొందరికి ఏడాదిలోపు మళ్ళీ తెగుతుందట. రెండోసారి తెగితే ఆట మాట దేవుడెరుగు, మెట్లెక్కడం కష్టమట. భావన ఈ మాట మీకు చెప్పొద్దంది, మీరు తట్టుకోలేరని.

చేతిలో ఉన్నది చెయ్యడమే మనలాంటివాళ్ళం చెయ్యగలిగింది. మీవారు రామారావు అన్నయ్యగారితో మీరు కాశీ వెళ్ళినప్పుడు పనసకాయ వదిలేశారనీ, తరువాత ఏదో పెళ్ళిలో తెలియక ఆ కూర తిన్నారనీ, ఆ నెలలోనే ఆయన పోయారనీ మీరే నాతో చెప్పుకుని ఏడ్చారు. దానికీ దీనికీ సంబంధం ఉందని నేననను. లేదని అనడానికి నేనెవరిని? కానీ ఆ వదిలిన దాని లోటు ఇంకా పూడలేదేమోనని మీ ఉత్తరం చదువుతుంటే నాకే అనిపించింది. మీకు ఎప్పుడో అనిపించే ఉంటుంది.

కాశీలో వదిలినట్టు ఇప్పుడు ఇక్కడే ఒకటి వదిలితే ఎలా ఉంటుంది? కాశీలో వదలవలసింది ఇష్టం లేని కాకరకాయ కాదు కదా. అత్యంత ఇష్టమైనదే వదలాలి. అదేమిటో నేను చెప్పను, మీ దేవుడి అరలోనే ఉంది. మనోజ్ఞ కాలి కోసమని మనసులో అనుకుని వదిలెయ్యండి. ఒకసారి వదిలాక తిరిగి ముట్టకూడదు. ఎందుకు వదిలారో పిల్లకి గానీ ఇంకెవరికి గానీ నోటితో అనకూడదు, అంటే ఫలం పోతుంది. ఇవన్నీ మీకు తెలిసినవే.

బలవంతం లేదు. రేపు కాలు అటో ఇటో అయితే ఆ మాట మీరే మోస్తారు కనుక చెప్పాను.

గిరిజ

*

హానోవర్,
27 అక్టోబరు 2025

గిరిజ వదినగారికి,

మీ ఆరోగ్యాలు అడగలేదని ఏమీ అనుకోకండి, అడిగే ఓపిక లేదు.

మీ ఉత్తరం వచ్చిన దగ్గరనుంచి ఇంట్లో ఎవరు కాలు కదిపినా నాకు మనోజ్ఞ మోకాలే కనపడుతోంది. ట్రాములో ఒక ఆడపిల్ల చంకకర్రలతో ఎక్కితే నేను దిగి నడిచొచ్చాను. మీరు దాచకుండా చెప్పారు, మంచిపని చేశారు. పనసకాయ సంగతి మీరు అనకపోయినా నేను అనుకుంటూనే ఉన్నాను, పదకొండేళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను.

కార్డు పంపేశాను. నాలుగు రోజులు ముందు పెట్టుకుని కూర్చున్నాను. ధీరజ్ రాసిచ్చిన అక్షరాల కాగితం పక్కనే ఉంది. మొదటి అక్షరం రెండు కొండలు పక్కపక్కన పెట్టినట్టుంటుంది, అది వెయ్యడం నాకిష్టం. ఈసారి వెయ్యలేదు. ఇంకొకడి పేరు రాస్తే మార్లన్ కన్నా వాడు మేలనుకున్నట్టవుతుందని అది కూడా రాయలేదు. ఉదయశ్రీ దగ్గరున్న ఎష్‌బోర్న్ అడ్రసు చీటీ ఒకవైపు అంటించి, రెండోవైపు ఏమీ లేకుండా, వీధిచివర పసుపుపచ్చ పోస్టుడబ్బాలో వేశాను. వేశాక చెయ్యి లోపలికి వెళ్తుందేమోనని చూశాను. వెళ్ళదు.

నిన్న మనోజ్ఞ ఫోను చేసింది. ధీరజ్ స్పీకర్లో పెట్టి నా చెవి దగ్గర పట్టుకున్నాడు.

"నాయనమ్మా, కార్డ్ లేర్ వచ్చింది. ఖాళీ. మార్లన్ పేరు రాయడం మర్చిపోయావ్. ఇంకా ఫైవ్ డేస్ ఉంది, పర్లేదు, ఇప్పుడు చెప్పెయ్, నేను రాసుకుంటా."

"మర్చిపోలేదమ్మా. ఎవరూ వద్దు."

"ఎవరూ అంటే? మార్లన్ వద్దా? వారుమ్?"

ఆ మాటకి ఎందుకని అర్థమని నాకు తెలుసు. ధీరజ్ నా మొహంలోకి చూస్తున్నాడు. నాకు నోట్లో మాట తిరుగుతోంది వదినగారూ. ఇష్టంలేదమ్మా అన్నాను. ఇంకేదన్నా చెబితే అబద్ధం ఎక్కువవుతుందని అదొక్కటే అన్నాను.

అది ఎగాల్ అంది. ఏదయినా ఒకటేలే అని దానర్థమని ఉదయశ్రీ చెప్పింది. ఆ అమ్మాయి మెల్లిగానే చెప్పింది, తగిలేలా చెప్పలేదు.

ఫొటో దేవుడి అరలోంచి తీసేశాను. ఎక్కడ పెట్టాలో తెలియక బియ్యం డబ్బాలో పెట్టాను. ఆపరేషనయ్యేదాకా నాకు రెండు ముక్కలు రాస్తూ ఉండండి. మీకు తప్ప ఎవరికీ చెప్పుకోలేను కదా.

శారదాదేవి

*

ఫ్రైబర్గ్,
6 నవంబరు 2025

వదినగారికి,

మంచిపని చేశారు. మీరింత గట్టివారని నేననుకోలేదు.

ఆదివారం ఆ ఆటగాళ్ళ పంపకం అయింది. మామూలుగానే జరిగింది. నాకు ఆ పేర్లేమీ నోరు తిరగవు, విక్రాంత్ చెప్పినట్టు నేనూ ఒక పేరు అనేశాను. మనోజ్ఞ కొంచెం ముభావంగా ఉంది, నొప్పి వల్లనేమో.

పన్నెండున పొద్దున్న ఏమీ తినకండి, నీళ్ళు తాగవచ్చు. ఫోటో బియ్యంలో పెట్టవద్దు, పురుగు పడుతుంది.

గిరిజ

*

హానోవర్,
23 నవంబరు 2025

గిరిజ వదినగారికి,

అన్నయ్యగారు, విక్రాంత్, మీరు క్షేమమని తలుస్తాను.

పిల్ల ఆపరేషను బాగా అయింది. ఆ రోజు రెండింటిదాకా నేను కుర్చీలోంచి లేవలేదు. భావన మెసేజి పెట్టగానే ఉదయశ్రీ వచ్చి నా ఒళ్ళో ఫోను పెట్టింది. మంచం మీద కాలుకి తెల్లకట్టుతో మనోజ్ఞ రెండు వేళ్ళు చూపిస్తూ ఉంది. డాక్టరు కుట్టు గట్టిగా పడిందన్నాడట, ఏడాది జాగ్రత్తగా ఉంటే మళ్ళీ గెంతుతుందన్నాడట. నేను ఏడ్చాను. వదిలినందుకు ఫలం దక్కిందని మనసారా అనుకున్నాను. మీకు పదిసార్లు దణ్ణం పెట్టుకున్నాను, నిజంగానే.

ఆ ఫోటోలో పిల్ల మంచం వెనక గోడకి ఒక కాగితం ఉంది. ఎనిమిది జట్లూ, ఎవరికి ఎవరొచ్చారో రాసి, ఆసుపత్రిక్కూడా తీసుకెళ్ళి అంటించుకుంది. పంపకం నాడు నేను గదిలోంచి రాలేదు, ఎవరికెవరొచ్చారో నాకు చెప్పొద్దని ధీరజ్‌తో అన్నాను. ఇప్పుడు మార్లన్ ఎవరింటికి పోయాడో చూడరా అని నేనే అడిగాను. మంచి చెయ్యి అయితే బాగుండును, వాడి మోకాలికి కూడా ఏమీ కాకుండా చూసుకునేవాళ్ళయితే బాగుండునని అడిగాను. ధీరజ్ ఫోటో పెద్దది చేసి చదివాడు. గిరిజ అమ్మమ్మ, మొదటి ఎంపిక, మార్లన్ ట్వీడీ.

మళ్ళీ చదవమన్నాను. చెవి సరిగా లేదు కదా. మళ్ళీ అదే చదివాడు.

మీరు ఒక పేరు అనేశానన్నారు. నోరు తిరగదన్నారు. ఇంతమంది ఉండగా ఆ పేరు ఎలా తిరిగింది వదినగారూ? అడుగునున్న జట్టుకే మొదటి వంతని నేనే మీకు రాశాను సెప్టెంబర్లో. రాసిన చెయ్యి నాదే. అది చదివాకే మీరు కాశీ సంగతి ఎత్తారా, అంతకుముందే అనుకున్నారా? నాకు తెలివి తక్కువ, నాకు విడమరిచి రాయండి. కోపంతో అడగడం లేదు.

శారదాదేవి

*

ఫ్రైబర్గ్,
7 డిసెంబరు 2025

శారదాదేవి వదినగారికి,

విడమరచమన్నారు కనుక విడమరుస్తాను.

మీరు వదిలిన వస్తువు మీది కాదు. కాశీలో వదిలిన పండు ఇంకొకరు తింటున్నారని దిగులుపడేవాళ్ళని నేను చూడలేదు. మార్లన్ ఎలాగూ ఎవరో ఒకరి జట్టులోకి వెళ్ళాలి. పరాయివాళ్ళకి పోవడం కన్నా కుటుంబంలో ఉండటం మేలని తీసుకున్నాను. అది మీకు ముందే చెప్పకపోవడం మీరు ఆపరేషను ముందు బెంగపడతారని. మీకు బెంగపడటానికి కారణం ఎప్పుడూ సిద్ధంగా ఉంటుంది కదా.

ఇంకొక మాట కూడా చెప్పేస్తాను, మళ్ళీ మళ్ళీ ఎత్తకుండా. మనోజ్ఞ నా కడుపున పుట్టిన పిల్లకి పుట్టింది. దానికి పురుడు పోసింది నేను. రెండేళ్ళుగా ఈస్టర్ సెలవులు రాగానే అది హానోవర్ రైలెక్కుతుంటే, ఇక్కడ నేను గదికి కొత్త దుప్పట్లు పరిచి మళ్ళీ మడిచి పెట్టుకున్నాను. ఒక్కసారైనా మీరు 'పిల్ల అక్కడికి కూడా వెళ్ళాలి కదా' అన్నారా? మీ ఉత్తరాల నిండా అందరి దగ్గులూ జలుబులూ ఉంటాయి. ఆ మాట మటుకు లేదు.

మనోజ్ఞతో ఏమైనా అనాలనిపిస్తే అనండి, మిమ్మల్ని ఆపను. మొక్కు నోటితో బయటపెడితే ఏమవుతుందో మీకు తెలుసు, కుట్టు ఇంకా పచ్చిగా ఉంది. రామారావు అన్నయ్యగారప్పుడు తెలియక జరిగింది. ఇప్పుడు తెలిసి చెయ్యరనే నా నమ్మకం.

గిరిజ

*

హానోవర్,
15 ఫిబ్రవరి 2026

గిరిజ వదినగారికి,

రెండు నెలలు రాయలేదు. రాయడానికి కూర్చుంటే మీ ఆరోగ్యాలు అడగాలి, అడగబుద్ధి కాలేదు. అది నా తప్పే. అన్నయ్యగారి షుగరు ఎలా ఉంది?

మీరన్నది నిజమే, ఆ మాట నేను ఎప్పుడూ అనలేదు. నాకు తోచలేదు. పిల్ల వచ్చిందన్న సంతోషంలో మీ దుప్పట్లు నాకు కనపడలేదు. ఎన్నిసార్లు కావాలంటే అన్నిసార్లు తప్పు ఒప్పుకుంటాను.

మార్లన్‌ని తిరిగి ఇమ్మనను. ఇచ్చినా ముట్టను. వాడు బాగా ఆడుతున్నాడని ధీరజ్ చెబుతుంటే లోపలికి వెళ్ళిపోతున్నాను, విన్నా ముట్టుకున్నట్టేనేమోనని.

మనోజ్ఞ చంకకర్రలు వదిలి నడుస్తోందిట. వీడియో చూశాను, కుంటడం లేదు. ఈస్టర్‌కి వస్తావా అమ్మా అని నోరు తెరిచి అడిగాను. ధీరజ్‌తో చెప్పిన జవాబు వాడు నాకు సగం చెప్పి ఆపేశాడు. మిగతా సగం ఉదయశ్రీ చేత చెప్పించుకున్నాను. "మార్లన్ మా ఇద్దరివాడు. నాయనమ్మ నన్ను అడగకుండా వాణ్ణి పారేసింది. నేను కాలు విరగ్గొట్టుకుని పడుంటే అప్పుడే పారేసింది. అమ్మమ్మ తీసుకుంది. నేను అమ్మమ్మ దగ్గరికే వెళ్తా." ఇదీ అది అన్న మాట.

వెళ్ళనివ్వండి, మీ వంతు వచ్చింది. ఒక్కటే అడుగుతాను. మొక్కు సంగతి ఎత్తకుండా, నాయనమ్మ నీ మీద ఇష్టం లేక చెయ్యలేదు అని ఒక్క మాట దాని చెవిన వెయ్యండి. మొక్కింది నేను కాబట్టి నా నోరు కట్టేసింది. మీ నోటికి ఏ అడ్డూ లేదు. కావాలంటే తెలుగులో కూడా అనక్కర్లేదు, ఏ భాషలో అన్నా సరే.

ఫ్రైబర్గ్ వచ్చే రైలు మధ్యలో మారాలి. పిల్లకి బరువు మొయ్యడం మంచిది కాదు, పెట్టె విక్రాంత్‌ని ఎదురొచ్చి పట్టుకోమనండి.

శారదాదేవి

*

ఫ్రైబర్గ్,
14 ఏప్రిల్ 2026

శారదాదేవి వదినగారికి,

మనోజ్ఞ శుక్రవారం ఎష్‌బోర్న్ వెళ్ళిపోయింది. పన్నెండు రోజులుంది. మావారు అనంతరామయ్యగారు ఇంత నవ్వగా ఈ దేశం వచ్చాక నేను చూడలేదు. ఉదయం టిఫిను తింటూ ముగ్గురం మార్లన్ ఆటలు చూశాం. నాకు చెవులు బాగానే పనిచేస్తాయి కనుక పిల్లకి అరవవలసిన శ్రమ లేకపోయింది. నా జట్టే ఈ ఏడు గెలిచింది. అట్టడుగునుంచి పైకి. పిల్ల చాక్లెట్ కేకు మీద నా పేరు రాయించి తెచ్చింది.

మీరు అడిగిన మాట మరిచిపోలేదు. సందర్భం చూసి చెప్పాను. నాయనమ్మకి వయసు మీదపడింది, ఈ మధ్య మనసు స్థిమితంగా ఉండటం లేదు, చేసిన పని ఎందుకు చేసిందో ఆవిడకే గుర్తుండదు, కోపం పెట్టుకోకు అన్నాను. అంతకన్నా మెత్తగా చెప్పడం నాకు చేతకాలేదు. పిల్ల అర్థం చేసుకుంది. పాపం నాయనమ్మ అంది.

మీరు సంతోషించవలసిన సంగతి ఇంకొకటి. ఆటలు అయిపోయాక మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటుంటే దాని చేత తెలుగు దిద్దించాను. కాలు నొప్పిగా ఉన్నప్పుడు ఇంట్లో పడుకుని భావన దగ్గర అక్షరాలు కొన్ని నేర్చుకుందట, మిగతావి నేను పట్టించాను. ఒత్తులతో సహా వారంలో వచ్చేశాయి. ఊరగాయ సీసా మీద చీటీలు, పంచాంగం, ఏది కనపడితే అది చదివేస్తోంది. చేతిరాత కూడా చదవగలదు, ముఖ్యంగా నాది గుండ్రంగా ఉంటుంది కనుక. నలభైమంది పిల్లల్ని కూర్చోబెట్టి చెప్పిన రోజుల్లో కూడా ఇంత చురుకైన బుర్ర నేను చూడలేదు. మీ వల్ల కానిది ఒకటి నేను దానికి ఇవ్వగలిగానని తృప్తిగా ఉంది.

మీ చెవికి డాక్టరు టెర్మిన్ తీసుకోమని ధీరజ్‌కి చెప్పండి.

గిరిజ

*

హానోవర్,
24 మే 2026

గిరిజ వదినగారికి శారదాదేవి నమస్కారాలు.

అన్నయ్యగారి షుగరు ఎలా ఉంది? మీ నడుము ఎలా ఉంది? విక్రాంత్ ఎలా ఉన్నాడు? ఇక్కడ ధీరజ్ మెడ బాగయింది. ఉదయశ్రీ కులాసా. నాకు చెవిలో పెట్టుకునే మిషను వచ్చింది. ఇప్పుడు అన్నీ వినపడుతున్నాయి, అక్కర్లేనివి కూడా.

మార్లన్ కాలేజీ వదిలేసి పెద్ద ఆటలకి వెళ్ళిపోతున్నాడని మీకు తెలిసే ఉంటుంది. ఇంక మన ఆటలో వాడు ఎవరికీ ఉండడట. మీకు ఒక్క ఏడే దక్కాడు. వాడి మోకాళ్ళు బాగున్నాయి, అది చాలు నాకు. బియ్యం డబ్బాలోంచి ఫోటో తీసి తుడిచాను. పురుగేమీ పట్టలేదు.

పోయిన వారం నాకొక పోస్టుకార్డు వచ్చింది. ఒకవైపు ఎష్‌బోర్న్ ముద్ర, రెండోవైపు తెలుగు. అక్షరాలు ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, నావిలాగే ఉన్నాయి. "నాయనమ్మా, మన మార్లన్ వెళ్ళిపోయాడు. నాకు ఏడుపు వచ్చింది. నువ్వు ఎందుకు వదిలావు? నీకు గుర్తు లేకపోయినా పర్వాలేదు. నేను వస్తాను." అంతే ఉంది. అద్దాలు పెట్టుకుని చదివాను, తీసి చదివాను. 'మన' అని రాసింది చూశారా వదినగారూ. అంత బాగా నేర్పినందుకు మీకు దణ్ణం పెట్టుకున్నాను.

నాకు మనసు స్థిమితంగా లేదని మీరు దానితో అన్నారు. అయ్యుండచ్చు. మరిచిపోతానేమోననే మీ ఉత్తరాలు ఒక్కటి కూడా పారెయ్యలేదు. పోయిన అక్టోబరునుంచి వచ్చినవి బిస్కెట్ల రేకుడబ్బాలో తేదీ వరుసన పెట్టాను. అక్టోబరు తొమ్మిది పైన ఉంది, దాని కింద నవంబరు ఆరు, ఆ కింద డిసెంబరు ఏడు, అడుగున ఏప్రిల్ పద్నాలుగు. మొన్న అన్నీ తీసి మళ్ళీ చదివాను. మీది నిజంగా గుండ్రటి రాత. చిన్నపిల్లలకి కూడా తడబాటు ఉండదు.

మొక్కు మొక్కే. నేను నోరు తెరవను. ఏడాది దాకా కాలు జాగ్రత్తన్నాడు డాక్టరు, నవంబరు పోయేదాకా ఆ మాట నా నోట రాదు. అది అడిగినా రాదు. డబ్బా బల్లమీద పెట్టడం చెప్పినట్టవుతుందా అని వారం రోజులు మథనపడ్డాను, భయమేసి రెండుసార్లు అలమారలో పెట్టి మళ్ళీ తీశాను. మీ ఉత్తరమే తీసి చూసుకున్నాను. నోటితో అనకూడదని రాశారు మీరు. నోటితో అని రాశారు. మీరు పంతులమ్మగారు, ఒక్కమాట అటూఇటూ రాయరు.

పిల్లకి మధ్యాహ్నాలు ఖాళీగా ఉంటాయి. కనపడినదల్లా చదివేస్తోందన్నారు కదా. నేను వంటింట్లో ఉంటాను, ఆపను. మీరు దుప్పట్లు మడుచుకున్న సంగతి కూడా చదువుతుంది. అది చదివి మీ మీద జాలిపడితే పడనివ్వండి. నా పనసకాయ సంగతి చదివి నన్ను కూడా ఏమన్నా అనుకుంటే అనుకోనివ్వండి. అంతా మీ రాతలోనే ఉంది, నేను ఒక్క ముక్క కలపలేదు.

మీరూ అన్నయ్యగారూ కూడా రండి. గది ఉంది, దుప్పట్లు కొత్తవి తెప్పించాను. చదువుతూ ఎక్కడన్నా ఒత్తు దగ్గర ఆగితే పక్కన కూర్చుని మీరే చెప్పచ్చు. రాలేమంటే కూడా ఏమీ అనుకోను, మీ నడుముకి రైలు కుదుపు పడదు.

మనోజ్ఞ టికెట్టు తీసేసుకుంది. జూలై పదో తేదీ, శుక్రవారం, మధ్యాహ్నం రైలుకి వస్తోంది.

శారదాదేవి